రాక్షసుడి ఆయువుపట్టు



ఒక రాక్షసుడున్నాడు. కత్తి వేస్తే దిగదు. నిప్పులో పడేస్తే కాలడు. సైన్యం మీదికి వెళితే ఆ సైన్యమే మిగలదు. వాడు బతికున్నంతకాలం ఊరికి కంటిమీద కునుకు లేదు. మరి వాణ్ని చంపేదెలా?

ఈ ప్రశ్న మీద చిన్నపిల్లలు పోట్లాడుకుంటారు. పెద్దవాళ్లూ వాదించుకుంటారు. ఫాంటసీ నవలలు చదివే కుర్రవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట అక్కడికే వస్తుంది. ఈ డ్రాగన్ గొప్పదా, ఆ డ్రాగన్ గొప్పదా? ఈ మాంత్రికుడికి ఆ దెయ్యం లొంగుతుందా, లొంగదా? ఎవరి బలమెంత? దారినపోయేవాళ్లకు అది పొద్దుపోని కబుర్లలా అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. బలం అంటే ఏమిటి, బలం లేనివాడికి ఈ లోకంలో చోటుందా అనే పెద్ద ప్రశ్నలు ఆ వాదనలో దాగి ఉన్నాయి. అందుకే ఈ వేళ ఆ వాదనలోకి నేనూ దిగుతున్నాను.

నా పక్షం ఏమిటో మొదటే చెప్పేస్తాను. మంచి కథలో మహాబలవంతుడైన రాక్షసుడు అంతకంటే పెద్ద బలంతో చావడు. వాడి గుట్టు వాడి నోటి నుంచే బయటికి వస్తుంది. ఆ మాటను ఓపిగ్గా వినేవాళ్లు ఒకరు దగ్గర్లో ఉంటారు. మళ్లీ చెబుతున్నాను. రాక్షసుడు మాట్లాడతాడు, ఎవరో ఒకరు వింటారు. కథ అక్కడ మలుపు తిరుగుతుంది. కత్తి పని ఆ తర్వాత.

మనందరికీ తెలిసిన బాలనాగమ్మ కథతోనే మొదలుపెడదాం. బుర్రకథగా విన్నాం, నాటకంగా చూశాం. 1942లో జెమినీ వారు సినిమాగా తీస్తే కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా వేశారు. బాలనాగమ్మను ఎత్తుకుపోయిన ఆ మాంత్రికుణ్ని కొందరు మాయల ఫకీరు అంటారు. పేరేదైనా మనిషి ఒకడే. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. ఎక్కడో సముద్రాల అవతల ఒక చిలుకలో దాచుకున్నాడు. అందుకే వాడి మీదికి ఎంతటి వీరులు వెళ్లినా లాభం లేకపోయింది. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే రాళ్లయిపోయారు.

ఈ కథకు దగ్గరి చుట్టం ఒకటి 1868లో లండన్‌లో అచ్చయింది. పుస్తకం పేరు ‘ఓల్డ్ డెక్కన్ డేస్’. రాసినావిడ మేరీ ఫ్రేర్, బొంబాయి గవర్నరుగా పనిచేసినాయన కూతురు. ఆమెకు ఆ కథలు చెప్పినావిడ వాళ్లింటి ఆయా, అన్నా లిబరేటా డిసౌజా. దక్కను కథలు ఒక ఆయా నోటి నుంచి ఆ పుస్తకంలోకి వెళ్లాయి. అందులో ఒక కథలో మాంత్రికుడి పేరు పంచ్‌కిన్. వాడు ఎత్తుకుపోయిన రాచకూతురి పేరు బాల్నా. మన బాలనాగమ్మకు ఆమె ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఈ కథను కాస్త దగ్గర్నుంచి చూద్దాం. బాల్నా ఏళ్ల తరబడి వాడి చెరలో ఉంటుంది. వాడు పెళ్లి చేసుకోమంటాడు, ఆమె కాదంటుంది. ఊయలలో వదిలి వచ్చిన కొడుకు పెద్దవాడై, తల్లిని వెతుక్కుంటూ వస్తాడు. తోటమాలి కూతురిలా చీర కట్టుకుని, పూలు పట్టుకుని లోపలికి వెళ్తాడు. తల్లీ కొడుకూ ఒకరినొకరు గుర్తుపడతారు. అప్పుడు ఆ తల్లి ఏం చేస్తుంది? ఏడవదు. పారిపోదాం అనదు. మాంత్రికుణ్ని పిలిచి, మెత్తగా మాట్లాడుతుంది. పెళ్లికి ఒప్పుకున్నట్టే ఉండి, ఒక ప్రశ్న వేస్తుంది. నీకు మా అందరిలాగే చావు ఉంటుందా, లేకపోతే నీకసలు చావే లేదా అని.

అదీ ప్రశ్న! ఏ గర్విష్ఠి అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండగలడా? వాడు చెప్పేస్తాడు. ఎక్కడో దూరాన అడవి. అడవి నడుమ వలయంగా తాటిచెట్లు. ఆ వలయం నడుమ నీళ్లకుండలు, ఒకదాని మీద ఒకటి, ఆరు. ఆరో కుండ కింద చిన్న పంజరం. పంజరంలో పచ్చటి చిలుక. ఆ చిలుక చస్తే నేనూ చస్తాను అంటాడు. ఇంతా చెప్పి, అక్కడికి ఎవరూ పోలేరులే అని ధీమా పడతాడు.

కుర్రవాడు వెళ్లాడు. దారిలో గద్దపిల్లలను పాము నోట పడకుండా కాపాడాడు. ఆ గద్దలే అతణ్ని అడవి దాటించాయి. చిలుక చేతికి చిక్కింది. ఇక్కడ కథ చాలా కఠినంగా మారుతుంది. చిలుక కుడిరెక్క పీకితే అక్కడ మాంత్రికుడి కుడిచెయ్యి రాలిపడుతుంది. ఎడమరెక్క పీకితే ఎడమచెయ్యి. చివరికి మెడ తిప్పితే వాడి మెడ. పిల్లలు ఈ ఘట్టం ఊపిరి బిగబట్టి వింటారు.

ఇంతకీ ఈ కథలో మాంత్రికుణ్ని జయించిందెవరు? చిలుకను పట్టుకున్న కొడుకు అంటారు చాలామంది. నన్నడిగితే తల్లి. ఆమె అడగకపోతే కొడుకు ఏ అడవికి వెళ్తాడు? ఏ కుండ కింద వెతుకుతాడు? చేతిలో ఆయుధం లేదు, పక్కన మనిషి లేడు, గడప దాటే వీలు లేదు. ఆమెకు ఉన్నదల్లా ఒక ప్రశ్న. సరైన మనిషిని సరైన సమయంలో అడిగిన ప్రశ్న. మన కథల్లో వీరుడి పేరు పైన ఉంటుంది కానీ, యుద్ధం గెలిచేది చాలాసార్లు చెరలో ఉన్న ఆడమనిషే. ఈ సంగతి మనం పిల్లలకు చెప్పాల్సినంత గట్టిగా చెప్పడం లేదు.

రష్యా వాళ్లకూ ఇలాంటి రాక్షసుడు ఉన్నాడు. పేరు కొష్చేయ్. చావులేని కొష్చేయ్ అంటారు. మాస్కో నుంచి రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల వాళ్లు తెలుగులో వేసిన పుస్తకాలతో రష్యన్ జానపద కథలు మన ఇళ్లలోకి వచ్చాయి. ఆ రంగు బొమ్మలు ఇప్పటికీ కొందరికి గుర్తుండే ఉంటాయి. కొష్చేయ్ చావు ఒక సూదిమొనలో ఉంటుంది. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో, పెట్టె ఒక ఓక్ చెట్టు దగ్గర. అక్కడా చెరలో ఉన్న అమ్మాయే అడుగుతుంది. వాడు ముందు అబద్ధం చెబుతాడు. నా చావు ఆ చీపురులో ఉందంటాడు. ఆమె నమ్మినట్టు నటించి ఆ చీపురును బంగారంతో అలంకరించి పెడుతుంది. తన మీద ఇంత ప్రేమా అనుకుని వాడు నవ్వుకుంటాడు, కరిగిపోతాడు, నిజం చెప్పేస్తాడు. ఎంత తెలివి చూడండి! ఆమె అబద్ధాన్ని కూడా ఓపిగ్గా విన్నది. అబద్ధం వెనకాలే నిజం వస్తుందని ఆమెకు తెలుసు.

హారీ పాటర్ చదివిన పిల్లలకు ఇదంతా తెలిసిన దారిలాగే అనిపిస్తుంది. వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి వేరువేరు వస్తువుల్లో దాచుకున్నాడు. 2005లో వచ్చిన ఆరో పుస్తకంలో ఆ గుట్టు బయటపడుతుంది. ఎలా బయటపడింది? చదువుకునే రోజుల్లో అతను ఒక మాస్టారిని ఒక ప్రశ్న అడిగాడు. ప్రాణాన్ని ఎన్ని ముక్కలు చేయవచ్చు, ఏడు చేయవచ్చా అని. ఏళ్ల కిందట అడిగిన ఆ ప్రశ్నే ఆ మాస్టారి జ్ఞాపకంలో మిగిలిపోయి అతని కొంప ముంచింది. ఇక్కడా నోరే.

ఇప్పుడు డ్రాగన్ దగ్గరికి వద్దాం. జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’ అనే పుస్తకం 1937లో వచ్చింది. అందులో స్మాగ్ అనే డ్రాగన్ ఉంది. కొండ లోపల మరుగుజ్జుల బంగారం మీద పడుకుని ఉంటుంది. అది నిప్పు కక్కితే ఊళ్లు బూడిద. దాని దగ్గరికి వెళ్లిన మనిషి ఎవరనుకుంటున్నారు? మనిషి కూడా కాడు. బిల్బో అనే హాబిట్. మనలో సగం ఎత్తు ఉంటాడు. తిండి, టీ, వెచ్చటి ఇల్లు తప్ప జీవితంలో వేరే ఆశ లేనివాడు. అతని వేలికి ఒక ఉంగరం ఉంది, అది పెట్టుకుంటే కంటికి కనిపించడు. కానీ డ్రాగన్‌కు వాసన తెలుస్తుంది కదా. దొంగా, వచ్చావా అని పలకరిస్తుంది.

అక్కడ కత్తి దూస్తే కథ అక్కడితో ముగిసేది. బిల్బో పొగడడం మొదలుపెట్టాడు. నీ గొప్పతనం చూద్దామని వచ్చాను, కథల్లో చెప్పింది చాలా తక్కువ అన్నాడు. డ్రాగన్ ఉబ్బిపోయింది. నా పొట్ట కూడా వజ్రాల కవచమే, చూడు అని ఒళ్లు తిప్పి చూపించింది. బిల్బో చూశాడు. ఎడమ రొమ్ము దగ్గర ఒకచోట ఏమీ లేదు. బోసిగా ఉంది. ఆ బోసి జాగాలో డ్రాగన్ చావు ఉంది. దాన్ని చూపించింది ఎవరు? డ్రాగనే.

కానీ టోల్కీన్ గొప్పతనం ఇక్కడితో ఆగదు. మాటలు రెండు వైపులా పదునే. బిల్బో తన పేరు చెప్పకుండా పొడుపుకథల్లా మాట్లాడుతూ, నేను పీపాల మీద స్వారీ చేసినవాణ్ని అని ఒక మాట విసిరాడు. డ్రాగన్ ఆ పీపా దగ్గర పట్టేసింది. పీపాలంటే సరస్సు మీది ఊరు. ఓహో, ఆ ఊరివాళ్లే వీణ్ని పంపారన్నమాట అనుకుంది. ఆ రాత్రే వెళ్లి ఆ ఊరి మీద నిప్పులు కురిపించింది. బిల్బో ఆ గుట్టు విన్నాడు, నిజమే. తానూ ఒక మాట జారాడు. ఆ ఒక్క మాటకు ఒక ఊరు కాలిపోయింది.

బిల్బో తిరిగొచ్చి తనవాళ్లకు ఈ సంగతి చెబుతుంటే పక్కన రాతి మీద ఒక ముసలి పిట్ట కూర్చుని వింటోంది. అది తమ మాటలు వింటున్నట్టు అనిపించి, విసుగొచ్చి బిల్బో దాని మీదికి రాయి కూడా విసిరాడు. ఆ పిట్టే ఎగిరి వెళ్లి, కాలిపోతున్న ఊళ్లో నిలబడి బాణాలు వేస్తున్న బార్డ్ అనే విలుకాడి భుజం మీద వాలింది. పిట్టల మాట తెలిసిన వంశం అతనిది. ఎడమ రొమ్ము అని చెప్పింది. అతని దగ్గర ఒక్కటే బాణం మిగిలింది. తండ్రి నుంచి వచ్చిన నల్లబాణం. వేశాడు, తగిలింది. డ్రాగన్ పడింది. ఎక్కడ పడింది? ఊరి మీదే పడింది. మిగిలిన ఊరంతా దాని కిందే నలిగి నీళ్లలో కలిసింది. తర్వాత ఆ బంగారం కోసం మూడు వైపుల నుంచి సైన్యాలు వచ్చాయి. రాక్షసుడు చచ్చినంత మాత్రాన కష్టం తీరదని పిల్లల పుస్తకంలో రాసిన మనిషి టోల్కీన్. ఆ నిజాయితీ నాకు ఎంతో ఇష్టం.

వినడం గురించి ఇంతగా చెబుతూ విక్రమార్కుణ్ని తలచుకోకపోతే ఎలా? చందమామ చదివిన ప్రతివాళ్లకూ ఆ బొమ్మ కళ్లముందు ఉంటుంది. రాజు భుజం మీద శవం, శవంలో బేతాళుడు, చుట్టూ శ్మశానం. బేతాళుడు కథ చెబుతాడు, చివర ప్రశ్న వేస్తాడు, రాజు జవాబు చెబుతాడు. జవాబు చెప్పగానే మౌనం పోతుంది, బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. చందమామలో దశాబ్దాల తరబడి ఇదే జరిగింది. అందువల్ల అసలు కథ ఎలా ముగుస్తుందో చాలామందికి తెలియకుండా పోయింది.

అసలు కథ పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉంది. చివరి ప్రశ్నకు రాజుకు జవాబు తోచదు. మొదటిసారి మౌనంగా నడుస్తాడు. అప్పుడు బేతాళుడు సంతోషించి అసలు గుట్టు విప్పుతాడు. ఈ శవాన్ని తెమ్మని నిన్ను పంపిన భిక్షువు నిన్నే బలి ఇవ్వబోతున్నాడు, సాష్టాంగ నమస్కారం చెయ్యమంటాడు, నువ్వు పడుకోగానే తల నరుకుతాడు అని. ఏం చెయ్యాలో కూడా చెబుతాడు. రాజు వెళ్తాడు. భిక్షువు నమస్కారం చెయ్యమంటాడు. నేను రాజును, ఇలాంటి నమస్కారాలు నాకు అలవాటు లేదు, ముందు మీరు చేసి చూపించండి అంటాడు రాజు. భిక్షువు చేసి చూపిస్తాడు. అంతటితో వాడి కథ ముగిసింది.

ఆలోచించండి. అన్ని ప్రశ్నలకూ గొప్ప గొప్ప జవాబులు చెప్పినంతకాలం ఆ రాజు ఒక్క అడుగు ముందుకు వెయ్యలేకపోయాడు. నోరు మూసుకున్న రోజున గెలిచాడు. మాట్లాడిన మాంత్రికుడు ఓడాడు, మాట్లాడకుండా విన్న రాజు మిగిలాడు. నాకు తెలిసినంతలో ఈ వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

పురాణాల్లో వరాల సంగతి చూడండి. పురాణం వేరు, ఫాంటసీ నవల వేరు. ఒకటి మనం పూజించేది, మరొకటి సరదాకి చదివేది. రెండింటినీ ఒకే గాటన కట్టే ఉద్దేశం నాకు లేదు. అయినా మన కథకులంతా రాక్షససంహారం అనే విద్య నేర్చుకున్నది ఆ బడిలోనే. హిరణ్యకశిపుడు ఏం కోరాడు? మనిషి చేతిలో చావకూడదు, మృగం చేతిలో చావకూడదు. పగలు వద్దు, రాత్రి వద్దు. ఇంట్లో వద్దు, బయట వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. ఇంత పెద్ద చిట్టా చదివినవాడు తనకు తెలియకుండానే ఒక దారి చూపించాడు. సంజెవేళ, గడప మీద, ఒడిలో, గోళ్లతో, నరసింహుడు. చిట్టాలో లేని ఆ ఒక్క సందులోంచి వచ్చాడు. రావణుడు దేవతల నుంచి, గంధర్వుల నుంచి, నాగుల నుంచి చావు లేకుండా వరం కోరాడు. మనుషుల ఊసే ఎత్తలేదు. గడ్డిపోచల్లాంటి మనుషుల నుంచి నాకేం భయం అనుకున్నాడు. ఎవరిని చులకన చేశాడో వాళ్ల చేతిలోనే పోయాడు.

ఈ పోలిక చూస్తే నాకు టోల్కీన్ ఇంకో పుస్తకం గుర్తొస్తుంది. 1954, 55 సంవత్సరాల్లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’. అందులో మంత్రరాజు ఒకడున్నాడు. తొమ్మిదిమంది ప్రేతరాజులకు పెద్ద. మగవాడి చేతిలో వాడికి చావు లేదని ఒక జోస్యం ఉంది. వాడు యుద్ధరంగంలో ఆ మాట నలుగురికీ వినపడేలా గొప్పగా చెప్పుకుంటాడు. ఎదురుగా శిరస్త్రాణం పెట్టుకుని నిలబడ్డ యోధుడు నవ్వుతాడు, శిరస్త్రాణం జారిపోతుంది. చూస్తే ఎయోవిన్ అనే రాచకూతురు. ఇంట్లో ఉండమంటే మగవేషం వేసుకుని యుద్ధానికి వచ్చింది. ఆమెతో పాటు ఒకే గుర్రం మీద వచ్చినవాడు మెర్రీ, మళ్లీ ఒక హాబిట్. మెర్రీ వెనక నుంచి మోకాలి దగ్గర పొడిచాడు, ఆమె ముందు నుంచి పొడిచింది. మంత్రరాజు పోయాడు. వాళ్లిద్దరూ కూడా ఆ దెబ్బకు చావు అంచుదాకా వెళ్లి వచ్చారు.

ఆ మెర్రీ చేతి కత్తి గురించి ఒక మాట చెప్పాలి. అది ఆనాటిది కాదు. ఎన్నో తరాల కిందట, ఈ మంత్రరాజుతో పోరాడి ఓడిపోయిన రాజ్యంలో కమ్మరులు చేసిన కత్తి. సమాధుల్లో పడి ఉంటే కథ మొదట్లో హాబిట్లకు దొరికింది. అంటే రాక్షసుణ్ని చంపే ఆయుధం పాఠకుడి కళ్లముందే వందల పేజీల పాటు ఒక పొట్టివాడి నడుముకు వేలాడుతూ ఉంది. చదివేవాడు దాన్ని పట్టించుకోలేదు. రాక్షసుడూ పట్టించుకోలేదు.

సరే, బలానికి అసలు విలువే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. ఇంగ్లీషువాళ్ల పాత కావ్యం ‘బేవుల్ఫ్’లో గ్రెండెల్ అనే రాక్షసుడికి కత్తి తగలదు. వీరుడు వట్టి చేతులతో పట్టుకుని వాడి చెయ్యి భుజం దగ్గర ఊడబెరికాడు. అది నిఖార్సయిన భుజబలం. ఆ కావ్యానికి వెయ్యేళ్ల కిందటి చేతిరాత ప్రతి ఒక్కటే మిగిలి, ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అయితే ఆ కావ్యం చివర ఏం చెబుతోంది? అదే వీరుడు ముసలితనంలో డ్రాగన్ మీదికి వెళ్తాడు. కత్తి విరుగుతుంది. వెంట వచ్చినవాళ్లు ఒక్కడు తప్ప అందరూ పారిపోతారు. డ్రాగన్ చస్తుంది, వీరుడూ చస్తాడు. భుజబలం ఒకసారి గెలిపిస్తుంది, రెండుసార్లు గెలిపిస్తుంది. మూడోసారి దాని వయసు అయిపోతుంది.

ఇక అసలు చిక్కు ప్రశ్న. మాట్లాడే రాక్షసుడికి మందు చెప్పాను. మాట్లాడని రాక్షసుడి సంగతేమిటి? నోరు విప్పని వాడి గుట్టు ఎలా తెలుస్తుంది?

టోల్కీన్ కథలో సౌరాన్ అలాంటివాడు. కథ నడిచినంతసేపూ యుద్ధరంగంలోకి రాడు. వాడి శక్తి ఒక ఉంగరంలో ఉంది, బిల్బో వేలికి ఉన్న ఆ ఉంగరమే. మళ్లీ అదే చిలుక కథే, చూశారా. వాడి గుట్టు అందరికీ తెలుసు. ఉంగరాన్ని నిప్పుకొండలో పడేస్తే పోతాడు. తెలిసినా చెయ్యడం ఎవరి వల్లా కాదు. ఎందుకంటే ఆ ఉంగరం చేతిలో పట్టుకున్నవాడికి దాన్ని వదలబుద్ధి కాదు. ఫ్రోడో అనే హాబిట్ అంత దూరం మోసుకెళ్లి, నిప్పుకొండ అంచున నిలబడి, చివరి క్షణంలో నేను వదలను అంటాడు. అవును, కథానాయకుడు ఓడిపోతాడు. అప్పుడు గొల్లమ్ అనే దిక్కుమాలిన జీవి అతని వేలు కొరికి, ఉంగరం లాక్కుని, ఆ ఆనందంలో కాలు జారి నిప్పుల్లో పడిపోతాడు. ఉంగరం పోయింది, సౌరాన్ పోయాడు.

ఇది అదృష్టం కదా అని చాలామంది వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఆ గొల్లమ్ అప్పటిదాకా ఎందుకు బతికున్నాడు? ఎన్నో ఏళ్ల ముందు బిల్బో చీకటి గుహలో వాణ్ని చంపగలిగి కూడా జాలిపడి వదిలేశాడు. తర్వాత ఫ్రోడో కూడా వదిలేశాడు. ఆ జాలే చివరికి లోకాన్ని కాపాడింది. ఇంకో విశేషం చెబుతాను. ‘ది హాబిట్’ 1937 నాటి మొదటి ముద్రణలో ఈ జాలి ఘట్టం లేదు. అందులో గొల్లమ్ ఉంగరాన్ని పందెంలో పెడతాడు, గొడవ లేకుండా విడిపోతారు. పెద్ద నవల రాస్తున్నప్పుడు టోల్కీన్ వెనక్కి వెళ్లి ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు. 1951లో వచ్చిన ముద్రణ నుంచి కొత్త ఘట్టం ఉంది. మహారాక్షసుణ్ని ఓడించడానికి ఆ రచయితకు కొత్త ఆయుధం అక్కర్లేకపోయింది. పాత కథలో ఒక చిన్నవాడి మనసులో కాస్త జాలి పెట్టాడు.

అర్సులా లె గ్విన్ అనే అమెరికన్ రచయిత్రి ఇంకా లోతుకు వెళ్లింది. ఆమె 1968లో రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నాకు ప్రాణం. ఆ లోకంలో ప్రతిదానికీ ఒక నిజమైన పేరు ఉంటుంది. పేరు తెలిస్తే అది మన మాట వింటుంది. గెడ్ అనే కుర్ర మాంత్రికుడు బడిలో తోటివాడి మీద పంతంతో, తన గొప్ప చూపించుకోవడానికి, పిలవకూడనిదాన్ని పిలుస్తాడు. ఒక నీడ బయటికి వస్తుంది. ముఖం చీల్చేస్తుంది. అప్పటి నుంచి వెంటాడుతూనే ఉంటుంది. దానికి పేరు లేదని కొందరు అంటారు.

మధ్యలో గెడ్ ఒక ముసలి డ్రాగన్‌ను ఎదుర్కొంటాడు. పాత చరిత్రలు చదివి దాని పేరు ఊహించి, ధైర్యంగా పలుకుతాడు. యెవాడ్ అని. పేరు సరిపోయింది, డ్రాగన్ కట్టుబడిపోయింది. అప్పుడు అది ఒక బేరం పెడుతుంది. నిన్ను వెంటాడే నీడ పేరు నేను చెబుతాను, నన్ను వదిలెయ్ అని. ఆలోచించండి, ఆ కుర్రవాడి ప్రాణమంతా ఆ పేరులోనే ఉంది. రాత్రీ పగలూ నిద్రలేకుండా పరుగెత్తిస్తున్నదాని పేరు. కానీ అతను ఆ దీవులకు కాపలాగా ఉంటానని ఒప్పుకుని వచ్చినవాడు. తన పేరు కోసం ఆ బెస్తవాళ్ల ఇళ్లను అమ్ముకోలేదు. నువ్వు గానీ నీ పిల్లలు గానీ ఈ దీవుల వైపు రాకూడదు, ఒట్టు వెయ్యి అన్నాడు. డ్రాగన్ వేసింది. కథ మొత్తంలో గెడ్ నిజమైన మాంత్రికుడైంది ఆ క్షణంలోనే అంటాను నేను.

తర్వాత గురువు చెప్పిన మాట మీద పారిపోవడం ఆపి, తానే నీడను తరుముతాడు. లోకం చివర సముద్రంలో దాన్ని కలుస్తాడు. ఇద్దరూ ఒకేసారి ఒకే పేరు పలుకుతారు. గెడ్. నీడ పేరు కూడా గెడ్. అది బయటి నుంచి వచ్చింది కాదు, అతనిలోనిదే. యుద్ధం లేదు, రక్తం లేదు. నోరులేని రాక్షసుడు ఎదురైతే వినవలసింది మన లోపలి మాటే అని ఆ పుస్తకం చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇప్పుడు తెలుగులో ఫాంటసీ రాస్తున్న, రాయాలనుకుంటున్న యువకులతో ఒక మాట. ఈ మధ్య ఉత్సాహంగా రాస్తున్నారు, సంతోషం. కానీ చివరి అధ్యాయంలో హఠాత్తుగా ఒక దివ్యాస్త్రం ప్రత్యక్షం కావడం, ఎవరో స్వామీజీ వచ్చి మంత్రం చెప్పడం, ఇవి పాఠకుణ్ని మోసం చెయ్యడమే. టోల్కీన్ అంతటివాడికే ఈ ఇబ్బంది తప్పలేదు. ఆయన కథల్లో పెద్ద గద్దలు వచ్చి ఆపదలోంచి గట్టెక్కిస్తాయి. అలాంటప్పుడు మొదటే గద్దల మీద వెళ్లి ఉంగరం పడేసి రావచ్చు కదా అని పాఠకులు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. ఆ గద్దలు ప్రమాదకరమైన సాధనమని, అందుకే పొదుపుగా వాడానని ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు.

మన దగ్గర ఈ విద్యలో ఆరితేరినవాడు దాసరి సుబ్రహ్మణ్యం. చందమామలో ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాతిరథం’ లాంటి సీరియల్స్ రాసినాయన. చాలాకాలం ఆయన పేరు కూడా పాఠకులకు తెలియదు, పేరు లేకుండానే అచ్చయ్యేవి. చిత్రా బొమ్మలు వేసేవారు. ప్రతి నెలా కథ సరిగ్గా ప్రాణం మీదికి వచ్చినచోట ఆగేది. ఇక నెలంతా వీధి అరుగుల మీద, బడి వరండాల్లో పిల్లల వాదనలే. వీడెలా బయటపడతాడు, ఆ మృగం ఎలా చస్తుంది అని. ఆ నెల రోజుల్లో పిల్లలు ఎన్ని దారులు ఊహించి ఉంటారో! ఆ వాదనలోంచే పాఠకులు తయారయ్యారు, కొందరు రచయితలూ తయారయ్యారు.

ఇప్పుడు కథలు ఆగడం లేదు. ఒక భాగం అయిపోగానే తర్వాతి భాగం తెర మీద తనంతట తానే మొదలవుతోంది. పిల్లలకు వాదించుకునే సమయమే ఇవ్వడం లేదు మనం. అందుకే తల్లులను, తండ్రులను, అమ్మమ్మలను, తాతయ్యలను ఒకటి కోరుకుంటున్నాను. ఈ రాత్రి పిల్లలకు ఏదైనా రాక్షసుడి కథ చెప్పండి. వాడు బాగా బలవంతుడై ఉండాలి. కథ సగానికి వచ్చాక ఆపెయ్యండి. వీణ్ని ఎలా చంపాలో రేపటిలోగా ఆలోచించి చెప్పమనండి. వాళ్లు చెప్పేది తొందరపడకుండా, మధ్యలో అడ్డు తగలకుండా, చివరిదాకా వినండి.